నగరి వైపు ఒక శనివారం: గరుడపిల్లలకు కడియాలు

ముప్పై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. కప్పలు కోయించాను, బొద్దింక నోటి భాగాలు గాజు పలకల మీద అతికించాను, పావురం అస్థిపంజరం ముందు నిలబెట్టి ఎముకల పేర్లు అప్పగించుకున్నాను. అన్నేళ్ళలో ప్రాణంతో ఉన్న పక్షిని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. ఉద్యోగ విరమణ నాడు శాలువా కప్పి నా సేవలను పొగిడినవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మోకాళ్ళకు పట్టీలు బిగించుకుని తెల్లవారకముందే బస్సెక్కడానికి అదొక కారణం. రెండో కారణం భార్గవి.

భార్గవి నా పాత విద్యార్థిని. ఇప్పుడు వన్యప్రాణుల మీద పరిశోధన చేస్తూ, అటవీ శాఖ అనుమతితో మన వైపు గద్దలు, డేగల గూళ్ళను వెతికి, పిల్లలు ఎగరకముందే వాటి కాళ్ళకు అంకె చెక్కిన చిన్న కడియాలు వేస్తోంది. అలా వేస్తే ఆ పక్షి తరువాత ఎక్కడ కనిపించినా, ఏ గూటిది, ఎన్నేళ్ళది, ఎంత దూరం వెళ్ళింది అన్నది తెలుస్తుంది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఫోన్ చేసి, పుత్తూరుకూ నగరికీ మధ్య ఒక పల్లెలో వంక గట్టున తెల్లమద్ది చెట్టు మీద గరుడ పక్షి గూడు ఉందని చెప్పింది. ఇటుక రంగు రెక్కలు, తెల్లటి తల, రొమ్ము ఉండే గద్ద అది. ఆకాశంలో కనిపిస్తే మన వైపు చెంపలు వేసుకుంటారు. గూట్లో రెండు పిల్లలు. దూరదర్శినిలోంచి చూస్తే పెద్దది బాగానే ఉంది. చిన్నది లేవబోయి కూలబడుతోంది. దాని కాలికి ఏదో చుట్టుకుని గూటి పుల్లలకు చిక్కినట్టుంది.

"ఎక్కి తీసేయండి మరి," అన్నాను.

"చెట్టు వాళ్ళ పొలంలో ఉంది మేడం. ఆ పెద్దావిడ ఎక్కనివ్వడం లేదు. రెండుసార్లు పంపించేసింది. ఈ శనివారం దాటితే ఇక ఎక్కలేం. పెద్దదానికి రెక్కలు ముదిరాయి. మనిషిని చూస్తే గూట్లోంచి దూకేస్తుంది, ఇంకా ఎగరలేదు కాబట్టి కింద పడి చస్తుంది. ఎక్కకపోతే చిన్నది గూటికే చిక్కుబడి చస్తుంది."

"నేనేం చెయ్యాలి?"

"మీరు మాట్లాడితే వింటారు."

"క్లాసులో ఎవరూ విన్న గుర్తు లేదు."

"వినేవాళ్ళం కాదు మేడం, భయపడేవాళ్ళం. అదే కావాలి ఇప్పుడు."

నా విజ్ఞానం కోసం కాదు, నోటి కోసం పిలిచారన్నమాట. సరే, ఉన్నదే కదా అడిగారు.

ఇలాంటి పనికి సాయం వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి కూడా రాస్తాను. తిరుపతి బస్టాండులో ఉదయం అయిదున్నర దాటాక నగరి వైపు బస్సులు వరుసగా ఉంటాయి. నేను అలిపిరి వైపు నుంచి ఆటోలో వచ్చాను, నూట యాభై. ఆ వేళప్పుడు ఆటోలన్నీ కొండకు వెళ్ళే యాత్రికులను దించి ఖాళీగా వస్తుంటాయి కాబట్టి బేరానికి వీలుంటుంది. ఆడవాళ్ళకు పల్లెవెలుగులో ఆధార్ చూపితే సున్నా టికెట్. కండక్టరు నా కార్డు లైటు కింద పెట్టి, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "ఈ ఫొటోలో ఉండేది మీరేనామ్మా?" అన్నాడు. "తీసిన రోజు నేనూ అదే అడిగినాను నాయనా," అన్నాను. టికెట్ చించి ఇచ్చాడు.

రేణిగుంట దాటి వడమాలపేట చేరేసరికి తూర్పు తెల్లబడింది. ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చోండి, ఎండ మొహాన కొట్టినా మామిడి తోటల మీద పొగమంచు లేవడం కనిపిస్తుంది. పూత బాగా పట్టిన ఏడు ఇది. ఏడు గంటలకు ముందే పుత్తూరులో దిగాను. భార్గవి, ఆమెతో వచ్చిన మునిరత్నం బస్టాండు ఎదురుగా ఒక టిఫిన్ అంగట్లో కూర్చుని ఉన్నారు. మునిరత్నానికి నలభై ఏళ్ళుంటాయి. తాటిచెట్లు, కొబ్బరిచెట్లు ఎక్కడం వాళ్ళ ఇంటి పని. నాలుగేళ్ళుగా భార్గవి గూళ్ళకూ అతనే ఎక్కుతున్నాడు. నేను ఇడ్లీ తిన్నాను, మునిరత్నం రెండు గుడ్డుదోసెలు తిన్నాడు. వంటమనిషి పెనం మీద నీళ్ళు చల్లుతూ, "మూడోది ఏసేదా అన్నా?" అని అడిగాడు. "వద్దప్పా, చెట్టెక్కాల," అన్నాడు మునిరత్నం. ముగ్గురికీ కలిపి నూట అరవై అయింది. ఈ దోసెల సంగతి ఊరికే రాయలేదు, కాసేపట్లో మా పీకల మీదికి వచ్చింది.

అక్కడి నుంచి ఊరికి బస్సు లేదు. ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ, ఆగడంతో కలిపి ఏడు వందలు. ఊరి పేరు రాయను. గూడు ఎక్కడుందో తెలిస్తే కెమెరాలు పట్టుకుని వచ్చి చెట్టు కింద పడిగాపులు కాసేవాళ్ళు తయారవుతారు, తల్లి గూడు వదిలేస్తుంది. నగరి ముక్కు కొండ కుడి చేతి వైపు దగ్గరపడుతూ వస్తుంది, మరమగ్గాల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది, అంతవరకు చెప్పగలను.

ఆ పెద్దావిడ పేరు చెంగమ్మ. మేము వెళ్ళేసరికి తిన్నె మీద కూర్చుని మోటారు రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది. డెబ్భై దాటి ఉంటాయి, వీపు మాత్రం నాకంటే నిటారు. వెనక షెడ్డులో కొడుకు గోవిందస్వామికి నాలుగు మరమగ్గాలు, వంక దాకా రెండెకరాల పొలం. శనివారాలు ఆ ఇంట్లో వెంకటేశ్వరునికి పూజ. గోడ మీద శంఖచక్రాలు, మధ్యన నామాలు. ఇంటి వెనక చెట్టు మీద గరుడుడు కాపురం పెట్టడం వాళ్ళకు ఎంత గొప్ప సంగతో గడప దగ్గరే అర్థమైంది. గడపకు పూసినంత మందంగా ఆ చెట్టు మొదలుకూ పసుపు పూశారు.

"మల్లా వచ్చినారా," అంది చెంగమ్మ, రాట్నం ఆపకుండా. "ఈ తూరి పెద్ద తలకాయను పిల్చుకోనొచ్చినారే."

"తల నెరిసింది గాని పెద్దదేం కాదక్కా," అన్నాను. మా ఊరి మాట దానంతటదే నోట్లోకి వచ్చింది. "మాది పూతలపట్టు. తిరుపతిలో పిల్లకాయలకు చదువు చెప్పి రిటైరయినా."

"చదువు చెప్పినావు గదా. నువ్వే చెప్పు మా. గరుడాళ్వారు కాలికి సంకెల ఏస్తామంటా ఉండాదీ పాప. స్వామి ఎక్కే వాహనానికి నంబరు కట్టేదానికి మీరెవురు?"

"సంకెల కాదక్కా, నీ కాలి మెట్టెంత బరువు గూడా ఉండదు. దాని సంగతి ఆనక మాట్లాడుకుందాం. ముందు నువ్వొకటి సూడు."

దూరదర్శినిని భార్గవి పెరట్లో మూడు కాళ్ళ మీద నిలబెట్టింది. చెంగమ్మ రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. నడవలేక కాదు, నేను పిలిస్తే లేచినట్టు కనిపించకూడదని. అలాంటి నడక నాకూ తెలుసు. ఒక కన్ను మూసి అద్దంలోకి చూసింది. మొదట, "ఇదేంది, బురద రంగులో ఉండాది, ఇది గరుడ పిల్లేనా?" అంది. మూడో ఏటికి గానీ ఇటుక రంగు రాదని భార్గవి చెప్పింది. తరువాత చెంగమ్మ కన్ను అద్దానికి ఇంకా దగ్గరగా ఆనించింది. మగ్గాల చప్పుడు ఒక్కటే. పైన చిన్నది లేవడానికి రెక్కలు తెరిచి ఉంటుంది.

"లాగతా ఉండాది," అంది చెంగమ్మ, కన్ను తీయకుండా. "ఏందో కాలు పట్టుకోని ఎనక్కి లాగతా ఉండాది దాన్ని."

"అందుకే వచ్చినామక్కా."

ఆమె తిన్నె దగ్గరికి తిరిగి వెళ్ళి రాట్నం ఆపింది. అది ఒప్పుకోవడం కాదు, బేరానికి కూర్చోవడం. మూడు షరతులు పెట్టింది. పిల్లలను మట్టి మీద దించకూడదు, మగ్గం మీద నుంచి కోసిన కొత్త బట్ట మీదనే దించాలి. చెట్టు చుట్టూ ఎవరూ చెప్పులతో తిరగకూడదు. ఇక మూడోది, "ఈ పొద్దు శనివారం. నీసు ముట్టినోడు ఆ చెట్టెక్కకూడదు." నీసంటే మాంసం, చేప, గుడ్డు, అన్నీ.

భార్గవి నా వైపు చూసింది. నేను మునిరత్నం వైపు చూశాను. అబద్ధమాడటానికి నాకేం అభ్యంతరం లేదు, వయసు మీద పడ్డాక పుణ్యం లెక్క ఎటూ తేలదు. నేను నోరు తెరిచేలోపే మునిరత్నం అన్నాడు, "నేను తిన్న్యా మా. గుడ్డుదోసె. రెండు."

"అయితే వద్దు," అంది చెంగమ్మ. "రేపు రాండి."

రేపు మునిరత్నం చంద్రగిరి దగ్గర ఇంకొకరి కొబ్బరితోటకు మాట ఇచ్చి ఉన్నాడు, అదొక సంగతి. రేపటికి పెద్ద పిల్ల దూకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, అదింకో సంగతి. అప్పుడు ఎనిమిదిన్నర. పది దాటితే ఎండకు పిల్లలను గూట్లోంచి తీయకూడదు. నేను చెప్పులు విడిచి చెట్టు కిందికి వెళ్ళాను. పసుపు పూసిన మొదలు చుట్టూ వెతికితే కావలసినవి రెండు నిమిషాల్లో దొరికాయి. చేప వెన్నెముక ఒకటి, ఎండ్రకాయ డొప్ప ఒకటి, ఎలుక తోక ఒకటి. ఎముకల పేర్లు ముప్పై రెండేళ్ళు చెప్పిన చదువు ఆ రోజు పనికొచ్చింది. బాదం ఆకు మీద వాటిని వరుసగా పెట్టి తిన్నె మీద, ఆమె ముందు ఉంచాను.

"ఇదేంది?"

"గరుడాళ్వారు పొద్దున టిఫిను. శనివారమే తిన్న్యాడు. ఆయన ఎంగిలి నీ చెట్టు మొదుట్లో పడుండాది. గుడ్డుదోసె తిన్నోడు ఎక్కితే ఆయనకేం అంటు?"

చెంగమ్మ ఆకు వైపు చూసింది, మునిరత్నం వైపు చూసింది.

"ఆయన దేవుడు," అంది. "వీడు మునిరత్నం."

ఇంత చక్కటి జవాబు నా క్లాసులో ఏ పిల్లా ఇవ్వలేదు. మునిరత్నమే తల వంచుకుని నవ్వుతున్నాడు. "సరే అక్కా," అన్నాను. "ఆయన్ని మార్చలేం గాని వీడిని కడగొచ్చు గదా. బోరు ఉండాది, పసుపుండాది. నువ్వు ఎంత కడగమంటే అంత కడుగుతాం. కాలు తెగిపోయేది మాత్రం రేపటిదాకా ఆగదు."

అంతసేపూ షెడ్డు తలుపు దగ్గర నిలబడి వింటున్న గోవిందస్వామి మొదటిసారి మాట్లాడాడు. "మా, పోనీలే. కాలు పోతే వాహనమే ఉండదు." ఆమె కొడుకు వైపు కూడా చూడలేదు. లోపలికి వెళ్ళి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చింది.

మునిరత్నాన్ని బోరు మోటారు కింద కూర్చోబెట్టి, పసుపునీళ్ళు పోసి, మళ్ళీ బోరు కింద పెట్టాం. తడి లుంగీ, తడి బనీను, తల మీద స్కూటరు హెల్మెట్, నడుముకు తాడు. తల్లి పక్షి తల మీద తన్నుతుంది కాబట్టి హెల్మెట్. చెట్టు మొదట్లో దండం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. "మేడం, పెండ్లికొడుకు స్నానం గూడా ఇంత బాగా చేపించలేదు నాకు," అని పది అడుగుల పైనుంచి అన్నాడు. "మాట్లాడకుండా ఎక్కప్పా," అంది చెంగమ్మ.

ఈలోగా ఇంకో పని ముంచుకొచ్చింది. గరుడపిల్లలను దించుతున్నారని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు పాతిక మంది పళ్ళేలతో వచ్చారు. కర్పూరం, కొబ్బరికాయలు, కుంకుమ. ఒకామె పిల్ల నుదుటికి నామం పెట్టడానికి తిరుమణి కూడా కలిపి తెచ్చింది. గద్దపిల్లను కింద ఉంచగలిగేది ఇరవై నిమిషాలు. పొగ, చప్పుడు, చేతులు తగలడం ఏదీ దానికి పనికిరాదు. భార్గవి ఒకే ఒక చూపు చూసింది నన్ను. నన్ను పిలిచిన పని ఇప్పుడు వచ్చిందని అర్థం చేసుకున్నాను. పరీక్ష హాల్లో లాగా, అందరూ కనిపించే చోటు చూసుకుని నిలబడ్డాను. "కర్పూరం ఇంటి వాకిట్లో వెలిగించుకోండి. కొబ్బరికాయలు పిల్లలు పైకి పోయినాక కొట్టండి. ఇప్పుడు అందరూ ఆ పశువుల కొట్టం నీడలో కూచోండి. నోరు తెరిచినామెను బయటికి పంపిస్తాను." పొలం బయటికి పంపడమంటే ఎక్కడికో నాకూ తెలియదు. కానీ కూర్చున్నారు. తిరుమణి గిన్నె పట్టుకున్నామె మాత్రం మెల్లగా పక్కామెతో, "యాడ దొరికింది మా ఈయమ్మ?" అంది. వినిపించనట్టు ఉన్నాను.

మొదటి పిల్ల గుడ్డ సంచిలో తాడు మీద దిగింది. చెంగమ్మ పరిచిన కొత్త తువ్వాలు బట్ట మీద భార్గవి సంచి విప్పి, పిల్ల కళ్ళకు చిన్న ముసుగు వేసి నా చేతుల్లో పెట్టింది. "రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి మేడం, గట్టిగా కాదు, వదులుగానూ కాదు." చేప వాసన గుప్పుమంది. నేననుకున్నంత బరువు లేదు. నేననుకున్న దానికంటే చాలా వేడిగా ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే అది నా వేళ్ళదేమో అనిపించింది. ముప్పై రెండేళ్ళు నల్లబల్ల మీద గీసిన నాలుగు గదుల గుండె. భార్గవి కొక్కెం త్రాసుకు తగిలించి తూచింది, రెక్క కొలిచింది, కుడి కాలికి అంకె చెక్కిన కడియం, ఎడమ కాలికి దూరం నుంచి చదవడానికి పచ్చ కడియం వేసి నొక్కింది. పదకొండు నిమిషాలు. పెద్ద పిల్ల పైకి వెళ్ళింది. పైన తల్లి, తండ్రి కూత పెడుతూ తిరుగుతున్నాయి.

అప్పుడు మునిరత్నం గొంతు. "మేడం, చిన్నదానికి కాలు గూటికి కట్టేసినట్టుండాది. నూలు. గూడంతా నూలే. కత్తిరించి పుల్లలతో పాటు దించుతా."

దిగింది. కుడి కాలి మడమ నుంచి వేళ్ళ దాకా దారం చుట్టుకుని, బిగిసి, వాచిన చర్మంలోకి కూరుకుపోయి ఉంది. దానికి వేలాడుతూ నాలుగు పుల్లలు. ఒక వేలు నల్లబడింది. భార్గవి చేతి కత్తెర తీసి దారం కిందికి దూర్చబోయింది. వాపులో మొన పట్టే సందు లేదు. ఇంకో వైపు నుంచి ప్రయత్నించింది. రక్తం చుక్క వచ్చింది. పిల్ల గిలగిల్లాడింది. నేను గడియారం పట్టుకుని ఉన్నాను, నాలుగు నిమిషాలయ్యాయి. భార్గవి నుదుటి మీద చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"జరుగు పాపా," అంది చెంగమ్మ. ఎప్పుడు వచ్చి పక్కన కూర్చుందో చూడలేదు. చేతిలో మగ్గం దగ్గర పోగులు కత్తిరించే బుల్లి కత్తెర ఉంది. "అది కోసేది కాదు. కొస పట్టాల. కొస దొరికితే అదే వస్తాది."

"పిల్లను ముట్టకూడదమ్మా మీరు, నేనే పట్టుకుంటాను," అంది భార్గవి.

"పిల్లను నువ్వు పట్టుకో. పోగును నేను పట్టుకుంటా."

అరవై ఏళ్ళు తెగిన పోగులను వెతికి అతికిన వేళ్ళు అవి. కళ్ళతో కాదు, గోటి కొనతో చూసింది. దారాన్ని తడిపి, ఇటు ఒకసారి, అటు ఒకసారి తట్టి, చిక్కులో ఎక్కడో దాక్కున్న కొసను పైకి లేపింది. ఆ తరువాత లాగలేదు. ఒక చుట్టు విప్పడం, ఆగడం, పిల్ల కాలు కదిలితే కాలితో పాటు తన చెయ్యి కదల్చడం. మూడో చుట్టులో కొంచెం కత్తిరించింది. నేను, "తొమ్మిది," అన్నాను. "చెప్పకు మా, చెయ్యి అదురుతాది," అంది. మళ్ళీ చెప్పలేదు. నా జీవితంలో నేను నోరు మూసుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి. ఏడో చుట్టు ఊడింది. కాలు విడింది. పిల్ల నాలుగు వేళ్ళూ చాపబోయింది, మూడే చాచగలిగింది.

చెంగమ్మ చేతిలో మూరెడు దారం మిగిలింది. దాన్ని బొటనవేలి మీద ఆనించి, ఎండలోకి ఎత్తి చూసింది. ఎర్రటి పోగు, దానితో మెలిపడిన పచ్చ పోగు.

"ఇది మాదే," అంది. "పోయిన దసరాకు నేసిన తువ్వాళ్ళది. పాడైన నూలంతా వంక గట్టున పారేస్తాం గదా."

అనడానికి నాకు బోలెడు మాటలున్నాయి, సంకెల గురించి పొద్దున ఆవిడ అన్నదానికి జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

భార్గవి మందు రాసింది, నల్లబడిన వేలు దానంతటదే రాలిపోతుందని, తతిమ్మా మూడింటితో పట్టు దొరకొచ్చని చెప్పింది. "దీనికి కడియం వద్దు, పైకి పంపించేద్దాం," అంది.

"ఎయ్యి," అంది చెంగమ్మ.

"పొద్దున వద్దన్నారు కదమ్మా."

"పొద్దున నాకు తెలవదు గదా. మంచి కాలికి ఎయ్యి. మల్లా యాడన్నా ఇట్ల చిక్కుకుంటే, ఇది ఎవురి గూటిదని ఎవురో ఒకరు వెతుక్కోని రావాల గదా."

ఎడమ కాలికి అంకె కడియం ఒక్కటే వేశారు. పద్దెనిమిదో నిమిషంలో సంచి పైకి లేచింది. మునిరత్నం గూట్లో ఉన్న దారాలన్నీ దొరికినంత వరకు కత్తిరించి లుంగీ మడతలో దోపుకుని దిగాడు. హెల్మెట్ మీద మూడు గీతలు పడ్డాయి, తల్లి ఊరుకోలేదు.

తరువాతిది ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. చేయడానికి ఏమీ ఉండదు. తల్లి గూటికి తిరిగి వచ్చేదాకా దాక్కుని చూడాలి. మగ్గాల షెడ్డు కిటికీలోంచి దూరదర్శిని పెట్టుకుని కూర్చున్నాం. చప్పుడు వద్దని అడగకముందే గోవిందస్వామి నాలుగు మగ్గాలూ ఆపేశాడు. పదింపావు. పదిన్నర. పక్షులు రెండూ దూరంగా పైపైన తిరిగి, వంక దాటి కనిపించకుండా పోయాయి. భార్గవి గోళ్ళు కొరుక్కోవడం కాలేజీలోనే మాన్పించాను, మళ్ళీ మొదలుపెట్టింది. పదిన్నర దాటిన కాసేపటికి తల్లి ఒక్కతే వచ్చి, పక్క కొమ్మ మీద వాలి, చాలాసేపు మమ్మల్నే చూస్తున్నట్టు ఇటే చూసి, గూటి అంచు మీదికి దూకింది. కాళ్ళలో నీటిపాము. పెద్ద పిల్ల ఎగబడింది. చిన్నది రెక్కలు ఊతం పెట్టుకుని లేచింది, పడింది, లేచింది. ఈసారి దాన్ని వెనక్కి లాగేది ఏమీ లేదు. కుంటుతూ వెళ్ళి తల్లి ముక్కు కింద నిలబడింది.

"తినిందా?" అని అడిగింది చెంగమ్మ. చూడటానికి ఆవిడ దగ్గరికి రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"తింటా ఉండాది."

"ఏం తింటా ఉండాది?"

"పాము."

"శనివారం పూట," అంది చెంగమ్మ. నవ్వలేదు గాని, ఆ మాట నవ్వుకు దగ్గరగానే ఉంది.

పళ్ళేలతో వచ్చిన ఆడవాళ్ళు కొబ్బరికాయలు కొట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోవాల్సింది. చెంగమ్మ వెళ్ళనివ్వలేదు. గోనెసంచులు పంచి అందరినీ వంక గట్టుకు తోలింది. ముళ్ళకంపల్లో, రాళ్ళ సందుల్లో, గడ్డిలో ఎరుపు, పచ్చ, నీలం నూలు చిక్కులు చిక్కులుగా. మరమగ్గాలున్న ఊరు కదా, అది ఒక్క ఇంటి నూలు కూడా కాదు. ఏరుతూ, "ఇది మీది," "కాదు, మీ చిన్నాయన వాళ్ళది," అని ఒకరి నూలు ఒకరికి అంటగట్టుకోవడంలోనే సగం పని జరిగిపోయింది. ఒంటిగంట దాకా ఏరాం, ఏడు గోతాలు నిండాయి, ఇంకా ఉంది. మధ్యాహ్నం సంగటి, పప్పు, వంకాయ పులుసు పెట్టారు. డబ్బు ఇవ్వబోతే చెంగమ్మ నన్ను చూసిన చూపు, నేను కాలేజీలో పిల్లలను చూసేదాని కంటే పదునైంది. రెండున్నరకు పుత్తూరులో బస్సెక్కి నాలుగుకు తిరుపతిలో దిగాను. మా మనవరాలు ఫోన్లో, "అవ్వా, పక్షి కరిచిందా?" అని అడిగింది. లేదన్నాను. "నువ్వు?" అంది.

ఇది రాసే నాటికి పదహారు రోజులయింది. పెద్దది ఎగిరింది. చిన్నది గూడు వదిలి పై కొమ్మ మీదికి చేరింది, ఇంకా ఎగరలేదు. మూడు వేళ్ళతో చేపను పట్టగలదో లేదో భార్గవికి తెలియదు, నాకు అసలే తెలియదు. ఎవరైనా తెలిసినట్టు చెబితే నమ్మకండి. పక్షికి కడియం వేయడమంటే దాన్ని కాపాడటం అనుకుని వెళ్ళాను. కాదు. అది దాని జాడ మనం మర్చిపోకుండా మనకు మనం కట్టుకునే గుర్తు. కాపాడటం వేరే పని, అది చెట్టు మీద జరగదు. చెంగమ్మ ఒప్పుకోకపోతే ఆ పిల్ల చచ్చేది, చెంగమ్మ వేళ్ళు లేకపోతే మేము ఎక్కినా చచ్చేది, చెంగమ్మ ఇంటి నూలు లేకపోతే అసలు మాకు పనే ఉండేది కాదు. ఈ మూడూ ఒకే మనిషి. నాకు మనుషుల గురించి తీర్పులు చెప్పే అలవాటు ఎక్కువ. ఈ మనిషి దగ్గర అది ఎటూ పనిచేయలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. అనుమతి ఉన్న పరిశోధకులతో తప్ప ఏ గూటి దగ్గరికీ వెళ్ళకండి, అది అందరూ చెబుతారు. నేను చెప్పేది ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా చేయగలిగింది. నూలు, గాలిపటం దారం, పూలదండ దారం, ఏదైనా సరే, పారేసే ముందు వేలి పొడవు ముక్కలుగా కత్తిరించండి. అంత పొట్టి దారం ఏ కాలికీ చుట్టుకోదు. కొలత చెంగమ్మది. నిన్న ఆదివారం భార్గవి వెళ్ళేసరికి ఆవిడ తిన్నె మీద రాట్నం పక్కన గోతం పెట్టుకుని ఆ పనిలోనే ఉందట. ఎన్నో గోతమని అడిగితే, "నాకేం తెలుసు పాపా, వంక ఇంకా శానా ఉండాది," అందట.